అటక మీది పెట్టెలో ముక్క వాసనా? పిల్లల కాగితపు బొమ్మలను ఇలా కాపాడుకోండి



సంక్రాంతి దగ్గరపడింది. ఇల్లు దులపడాలు, అటకలు సర్దడాలు మొదలయ్యాయి. ఈ హడావుడిలో దాదాపు ప్రతి ఇంట్లోనూ ఒక అట్టపెట్టె కిందికి దిగుతుంది. ఎల్‌కేజీలో రంగు కాగితాలు అతికించి చేసిన చేప, అమ్మకిచ్చిన గ్రీటింగ్ కార్డు, మూడో తరగతి సౌర కుటుంబం చార్టు, ఒక రెక్క ఊడిన ఓరిగామి కొంగ అన్నీ అందులోనే ఉంటాయి. కానీ మూత తీయగానే మనల్ని ముందుగా పలకరించేది ముక్క వాసన.

గత నెల మొదట్లో పేరెంట్స్ మీటింగ్ అయ్యాక ఒక తల్లి ఆగి, సంచిలోంచి ఒక గాలిపటం తీసి చూపించారు. ఆరేళ్ల కిందట, పాప ఒకటో తరగతిలో ఉండగా, తాతయ్యతో కలిసి చేసిందట. వెదురు పుల్లలు, గులాబి రంగు కాగితం, అతికించడానికి అన్నం మెతుకులు. తాతయ్య ఇప్పుడు లేరు. వాసన పోతుందనుకుని ఆమె దాని మీద రూమ్ ఫ్రెషనర్ కొట్టారు. వాసన పోలేదు సరికదా, తోక దగ్గర నూనె చుక్క పడినట్టు మరక మిగిలింది. "భోగి మంటలో వేసేద్దాం అంటున్నారు మేడం మావారు. పాప ఒప్పుకోవడం లేదు. ఏం చేయమంటారు?" అని అడిగారు.

ఇది ఆమె ఒక్కరి ప్రశ్న కాదు. ప్రతి సంక్రాంతికీ ఎవరో ఒకరు అడిగేదే. అందుకే ఈ నెల క్రాఫ్ట్ పేజీని దీనికే కేటాయించాం.

ఆ వాసన ఎక్కడి నుంచి వస్తుంది?

కాగితం చూడటానికి పొడిగా ఉంటుంది కానీ, పూర్తిగా పొడిగా ఎప్పుడూ ఉండదు. మామూలు వాతావరణంలో కూడా దాని బరువులో సుమారు 5 నుంచి 8 శాతం నీరే. గాలిలో తేమ పెరిగితే పీల్చుకుంటుంది, తగ్గితే వదిలేస్తుంది. వానాకాలంలో నోటుబుక్కు పేజీలు మెత్తబడి, అంచులు వంకర తిరగడం మనం చూసేదే.

గాలిలో బూజు బీజాలు ఎప్పుడూ తిరుగుతూనే ఉంటాయి. మన కంటికి కనిపించవు. వాటికి తేమ, తిండి, కదలని గాలి ఈ మూడూ ఒకచోట దొరికితే చాలు. గాలిలో తేమ 65, 70 శాతం దాటి కొన్ని రోజులు అలాగే ఉంటే మొలకెత్తుతాయి. వానాకాలంలో మన కోస్తా ఊళ్లలో తేమ 80 శాతం దాటడం మామూలే. ఇక తిండి సంగతి: కాగితంలోని సెల్యులోజ్ ఒక్కటే కాదు, మైదా జిగురు, గంజి, అన్నం మెతుకులు బూజుకు విందుభోజనం. మూత వేసిన పెట్టెలో గాలి కదలదు. మూడూ సమకూరాయి కదా!

బూజు పెరుగుతూ కొన్ని ఆవిరులను వదులుతుంది. మనకు వచ్చే ముక్క వాసన అదే. ఆ ఆవిరుల్లో ఒకటి పుట్టగొడుగుల్లోనూ ఉంటుంది. ఇంకొకటి జియోస్మిన్. తొలకరి జల్లుకు నేల నుంచి కమ్మగా వచ్చే మట్టి వాసనకూ, బీట్‌రూట్‌లోని మట్టి వాసనకూ కారణం ఇదే. జియోస్మిన్‌ను పట్టడంలో మన ముక్కు ఎంత చురుకంటే, అత్యంత సూక్ష్మ పరిమాణంలో ఉన్నా గుర్తుపడుతుంది. కాబట్టి కంటికి బూజు కనిపించకపోయినా వాసన వస్తోందంటే అక్కడెక్కడో చెమ్మ చేరిందని అర్థం.

ఒక చిన్న తేడా గమనించండి. పాత పుస్తకాల షాపులో వచ్చే కొంచెం తియ్యటి వాసన వేరు. అది కాగితం వయసుతో పాటు నెమ్మదిగా విచ్చిన్నం కావడం వల్ల వచ్చేది. దానికి భయపడక్కర్లేదు. ముక్కిన బియ్యం, తడిసి ఆరని తువ్వాలు గుర్తొచ్చే వాసనైతేనే జాగ్రత్తపడాలి.

వాసన మీద వాసన వేయకండి

సెంటు, రూమ్ ఫ్రెషనర్, కాఫీ పొడి, కర్పూరం, అగరుబత్తి, సాంబ్రాణి... వీటిలో ఏదీ బూజును గానీ చెమ్మను గానీ తీసేయదు. ముక్క వాసన మీద ఇంకో వాసన కప్పుతుంది, అంతే. స్ప్రేలలోని నూనెలు కాగితానికి మరకలు చేస్తాయి. పొగ వల్ల మసి పేరుకుంటుంది.

కలరా ఉండల విషయంలో ఇంకా జాగ్రత్త అవసరం. నాఫ్తలీన్ ఆవిరి పిల్లలకు మంచిది కాదు. జీ6పీడీ అనే ఎంజైమ్ లోపం ఉన్న పిల్లల్లో ఇది ఎర్ర రక్తకణాలు పగిలిపోయే ప్రమాదం తెస్తుంది. పైగా ఆ ఉండల వాసన కాగితాన్ని నెలల తరబడి వదలదు. పిల్లలు ముట్టుకునే వస్తువుల్లో కలరా ఉండలు వద్దు.

ఈ వ్యాసం మొత్తంలో గుర్తుంచుకోవాల్సింది ఒక్కటే: ముందు తేమను తీయాలి, తరువాత బూజు దుమ్మును, ఆ తరువాతే వాసనను. ఈ వరుస తప్పితే ఎంత చేసినా ఫలితం ఉండదు.

మొదలుపెట్టే ముందు

పెట్టెను పడకగదిలో తెరవకండి. బాల్కనీలోకో, వరండాలోకో, డాబా మీదికో తీసుకెళ్లండి. ముక్కుకు, నోటికి మాస్కు (ఎన్95 అయితే మంచిది), చేతులకు గ్లౌజులు వేసుకోండి. ఇంట్లో ఆస్తమా, డస్ట్ ఎలర్జీ ఉన్న పిల్లలున్నా, పెద్దలున్నా ఈ పని జరిగేటప్పుడు దగ్గరికి రానివ్వకండి. బూజు దుమ్ము వారికి దగ్గు, పిల్లికూతలు తెప్పించగలదు.

బయటికి తీసిన వాటిని మూడు కుప్పలుగా చేయండి.

1. వాసన మాత్రమే ఉండి, బూజు కనిపించనివి.
2. పొడిగా, దులిపితే రాలిపోయేలా బూజు ఉన్నవి. ఈ బూజు నిద్రలో ఉన్నట్టు. ఆరబెట్టి శుభ్రం చేయవచ్చు.
3. తడిగా, దూదిలా మెత్తగా, ముట్టుకుంటే చేతికి పులుముకునే బూజు ఉన్నవి. ఇది ఇంకా పెరుగుతోంది. మిగిలిన వాటి పక్కన ఉంచకండి. ఒక కవర్లో విడిగా పెట్టి, వెంటనే ఏదో ఒక నిర్ణయం తీసుకోండి. ఫోటో తీసుకుని పారేయడమే చాలాసార్లు మంచిది.

పాత అట్టపెట్టెను మాత్రం దాచుకోకండి. చాలా ఇళ్లలో బొమ్మలకన్నా ఎక్కువ వాసన పట్టేది దానికే. ఎంత కష్టపడి శుభ్రం చేసినా, తిరిగి అదే పెట్టెలో పెడితే పని మళ్లీ మొదటికొస్తుంది.

నాలుగు మెట్లు

ఒకటి: ఆరబెట్టడం (2 నుంచి 4 రోజులు). గాలి ఆడే గదిలో, నీడన, పాత కాటన్ దుప్పటి మీద ఒక్కొక్కటిగా పరచండి. ఫ్యాన్ గాలి నేరుగా తగలకుండా, టేబుల్ ఫ్యాన్‌ను గోడ వైపు తిప్పి పెడితే గదిలో గాలి తిరుగుతుంది, కాగితాలు ఎగరవు. పూటకోసారి తిరగేయండి. చార్టులను తాడు మీద వేసి క్లిప్పులు పెట్టవచ్చు. క్లిప్పు కింద చిన్న తెల్ల కాగితం ముక్క ఉంచితే గాటు పడదు.

ఎండలో పెట్టేస్తే త్వరగా అయిపోతుంది కదా అనిపిస్తుంది. వడియాలకు ఎండ మంచిదే, స్కెచ్ పెన్ రంగులకు కాదు. నేరుగా పడే ఎండకు రంగులు వెలుస్తాయి, న్యూస్‌ప్రింట్ లాంటి చవక కాగితం పసుపు తిరుగుతుంది, అట్టలు వంగిపోతాయి. జనవరిలో పగటి గాలి పొడిగా ఉంటుంది కాబట్టి నీడ చాలు. ఉదయం మంచు విడిచాక, పది గంటల నుంచి సాయంత్రం నాలుగు వరకు కిటికీలు తెరిచి, తరువాత మూసేయండి. హెయిర్ డ్రయ్యర్, ఇస్త్రీ పెట్టె, మైక్రోవేవ్ వద్దు. క్రేయాన్ మైనం కరుగుతుంది. మైక్రోవేవ్‌లో అయితే స్టేపుల్ పిన్నులు, మెరుపు కాగితాలు నిప్పు రవ్వలు రేపవచ్చు.

రెండు: దులపడం. పూర్తిగా ఆరిన తరువాత, ఆరుబయట, మెత్తని పెయింట్ బ్రష్‌తో మధ్య నుంచి అంచుల వైపు తేలికగా దులపండి. గాలి మీ వెనక నుంచి వీచేలా నిలబడండి. తడి గుడ్డతో తుడవకండి. బూజు కాగితం లోపలికి ఇంకిపోయి మరక శాశ్వతమవుతుంది. డెట్టాల్, బ్లీచింగ్, వెనిగర్ కూడా కాగితం మీద వాడవద్దు. పని అయ్యాక బ్రష్‌ను సబ్బు నీళ్లతో కడిగి ఆరబెట్టండి.

తుప్పు పట్టిన స్టేపుల్ పిన్నులు, జెమ్ క్లిప్పులు, జిగటగా మారిన రబ్బరు బ్యాండ్లు ఈ దశలోనే తీసేయండి. పాత సెల్లోటేప్‌ను మాత్రం లాగకండి. దాంతో పాటు కాగితం పై పొర కూడా ఊడి వస్తుంది.

మూడు: వాసనను పీల్పించడం (1 నుంచి 2 వారాలు). బిగుతుగా మూత పడే పెద్ద ప్లాస్టిక్ డబ్బా తీసుకోండి. అడుగున వెడల్పాటి పళ్లెంలో 200, 250 గ్రాముల వంట సోడా పలుచగా పరచండి. లేదా మార్కెట్లో ఫ్రిజ్‌లకు, కార్లకు అమ్మే యాక్టివేటెడ్ చార్‌కోల్ సంచులు రెండు మూడు ఉంచండి. దాని పైన ఒక జల్లెడ లాంటి స్టాండు పెట్టి, స్టాండు మీద బొమ్మలను వదులుగా ఉంచి మూత పెట్టండి. సోడా గానీ బొగ్గు గానీ కాగితానికి తగలకూడదు. మూడు నాలుగు రోజులకోసారి తెరిచి వాసన చూడండి. వారానికోసారి సోడా మార్చండి. ఆ సోడాను మళ్లీ వంటకు వాడకండి, సింకు కడగడానికి పనికొస్తుంది.

యాక్టివేటెడ్ చార్‌కోల్ ఎందుకంత బాగా పనిచేస్తుంది? దాని నిండా కంటికి కనిపించని రంధ్రాలు ఉంటాయి. ఒక్క గ్రాములో ఉన్న రంధ్రాల గోడలన్నీ పరిచామనుకుంటే 500 చదరపు మీటర్లకు పైగా వస్తుంది. అంటే దాదాపు నాలుగు కబడ్డీ కోర్టులంత! వాసన అణువులు ఆ గోడలకు అతుక్కుపోతాయి. ఇస్త్రీ బొగ్గులకు అంత శక్తి లేదు, పైగా నుసి రాలుతుంది. సిలికా జెల్ ప్యాకెట్లు వాసనకు కాదు, తేమకు. వాటి పని తరువాతి మెట్టులో.

నాలుగు: మళ్లీ సర్దడం. వాసన తగ్గాకే, కొత్త పెట్టెలో, కింద చెప్పిన జాగ్రత్తలతో సర్దండి.

ఏ బొమ్మకు ఏ జాగ్రత్త?

*చార్టులు:* గట్టిగా చుట్టి రబ్బరు బ్యాండ్ వేస్తే మధ్యలో తేమ చిక్కుకుంటుంది. వదులుగా చుట్టి కాటన్ నాడాతో కట్టండి, లేదా పరుపు కింద కాకుండా షెల్ఫు మీద పరిచి ఉంచండి.

*కాగితపు గుజ్జు బొమ్మలు, మాస్కులు:* లోపల బోలుగా ఉండి మైదా జిగురుతో చేసినవి కాబట్టి ఆరడానికి వారం పైనే పడుతుంది. బోర్లించకుండా, లోపలికి గాలి తగిలేలా పెట్టండి.

*గ్లిట్టర్, ముత్యాలు, పప్పులు, బియ్యం అతికించినవి:* పప్పులకు, బియ్యానికి పురుగు పట్టి ఉంటే ఆ బొమ్మను మిగతా వాటితో కలపకండి.

*లామినేట్ చేసినవి:* లోపల చెమ్మ ఉండగా లామినేట్ చేస్తే అది బయటికి పోయే దారి ఉండదు. వాసన వస్తున్న దేన్నీ లామినేట్ చేయించకండి.

నీళ్లలో తడిసిపోతే?

2024 సెప్టెంబరు తొలి రోజుల్లో బుడమేరు పొంగి విజయవాడలో వేల ఇళ్లలోకి నీళ్లు వచ్చాయి. అలాంటి వరద నీటిలో మురుగు కలిసి ఉంటుంది. ఆ నీటిలో నానిన కాగితపు బొమ్మలను పిల్లల చేతికి ఇవ్వకూడదు. ఎంత బాధ అనిపించినా ఫోటో తీసుకుని వదిలేయడమే మంచిది.

పైకప్పు కారో, పైపు పగిలో మంచి నీటితో తడిస్తే మాత్రం సమయం చాలా ముఖ్యం. 24 నుంచి 48 గంటల్లో బూజు మొదలవుతుంది. అతుక్కున్న కాగితాలను బలవంతంగా విడదీయకండి. మధ్యలో తెల్లని టిష్యూ పేపర్లు పెట్టి తరచూ మారుస్తూ ఆరబెట్టండి. వెంటనే కుదరకపోతే ప్లాస్టిక్ కవర్లో పెట్టి డీప్ ఫ్రీజర్‌లో ఉంచవచ్చు. గ్రంథాలయాలు తడిసిన పుస్తకాలకు ఇదే పద్ధతి వాడతాయి. చలికి బూజు చావదు కానీ ఎదుగుదల ఆగుతుంది. మీకు తీరిక దొరికే దాకా అది చాలు.

మళ్లీ వాసన రాకుండా

• అటక (కొన్ని ఇళ్లలో సజ్జ అంటారు) మీద అయితే స్లాబు కారుతుందేమో చూసుకోండి. బాత్‌రూమ్ గోడకు, వాన తగిలే బయటి గోడకు ఆనించి పెట్టకండి. గోడకు, పెట్టెకు మధ్య నాలుగు వేళ్ల ఎడం ఉండాలి. నేల మీద అసలే వద్దు.

• పాలిథిన్ కవర్లో ముడివేసి పెట్టడం కన్నా, పొడి పెట్టెలో ఉతికిన కాటన్ గుడ్డ చుట్టి పెట్టడం మేలు.

• పెట్టెలో నాలుగైదు సిలికా జెల్ ప్యాకెట్లు వేయండి. అవి కూడా నిండిపోతాయి, ఏడాదికోసారైనా మార్చాలి. వాటిని చిన్న పిల్లలకు అందనివ్వకండి.

• ఎండిన వేపాకును గుడ్డ సంచిలో కట్టి పెట్టడం మన పెద్దల అలవాటు. అది పురుగుల కోసం, వాసన కోసం కాదు. పచ్చి ఆకు పెడితే తేమను మనమే లోపలికి పంపినట్టు.

• కొత్త బొమ్మలు చేసేటప్పుడు మైదా జిగురుకు, అన్నం మెతుకులకు బదులు ఫెవికాల్ లాంటి జిగురు పలుచగా రాయించండి. బైండింగ్ పనివారు జిగురులో మైలుతుత్తం కలపడం మీరు చూసి ఉండవచ్చు. అది విషం, పిల్లలున్న ఇంట్లో వద్దు.

• గాలిలో తేమ చూపే చిన్న డిజిటల్ మీటరు కొన్ని వందల రూపాయలకు దొరుకుతుంది. 60 శాతం లోపు ఉంటే నిశ్చింత.

• ఏడాదికి రెండుసార్లు, వానలకు ముందు ఒకసారి, సంక్రాంతికి ఒకసారి, మూత తీసి గాలి తగలనివ్వండి.

ఏది ఉంచాలి, ఏది వదలాలి?

అన్నీ దాచలేం. నర్సరీ నుంచి పదో తరగతి దాకా వచ్చే చార్టులు, మోడళ్లు అన్నీ ఉంచితే మనకు ఇల్లు చాలదు. పెట్టెలో కుక్కేసినవే ముందుగా బూజు పడతాయి. కాబట్టి ఏరడం కూడా కాపాడటంలో భాగమే. అయితే పిల్లలు బడికి వెళ్లినప్పుడు గుట్టుచప్పుడు కాకుండా పారేయకండి. పెద్దలకు చెత్తగా కనిపించిన కాగితం వెనక వాళ్లకు ఏ జ్ఞాపకం ఉందో మనకు తెలియదు. శుభ్రం చేశాక పక్కన కూర్చోబెట్టుకుని తరగతికి మూడో నాలుగో ఎంచుకోమనండి. వెనక పెన్సిల్‌తో పేరు, తరగతి, ఏడాది రాయించండి. మిగతావాటికి పగటి వెలుతురులో ఫోటోలు తీయండి. పెద్ద మోడల్ అయితే బిడ్డ దాన్ని పట్టుకున్న ఫోటో ఇంకా బాగుంటుంది.

భోగి మంటలో వేసే విషయంలో ఒక మనవి. థర్మోకోల్, గ్లిట్టర్, ప్లాస్టిక్ పూత, లామినేషన్ ఉన్నవి కాల్చకండి. ఆ పొగ పిల్లలు పీల్చేదే. వాటిని చెత్త బండికి ఇవ్వండి.

పిల్లలతో చేయదగిన ప్రయోగం (5 నుంచి 8 తరగతులు)

ఒకే కొలత చార్టు ముక్కలు మూడు తీసుకోండి. ఒకదానికి మైదా జిగురు, ఒకదానికి ఫెవికాల్ రాయండి. మూడోది అలాగే ఉంచండి. మూడింటి మీదా ఐదేసి చుక్కల నీళ్లు వేసి, వేర్వేరు పారదర్శక సీసాల్లో పెట్టి మూత బిగించి టేపు వేయండి. పది రోజులు రోజూ బయటి నుంచే చూసి నోటుబుక్కులో రాయమనండి. దేనికి ముందు బూజు వచ్చింది? ఎందుకు? చివర్లో సీసాలు తెరవకుండానే పారేయాలి. ఇది తప్పనిసరి.

ఇక ఆ గాలిపటం సంగతి. పుల్లల దగ్గర అన్నం మెతుకులు పెట్టిన చోట్ల పొడి బూజు ఉంది. నాలుగు రోజులు నీడన ఆరబెట్టి, బ్రష్‌తో దులిపి, రెండు వారాలు సోడా డబ్బాలో ఉంచమని చెప్పాం. మొన్న ఆ తల్లి ఫోన్ చేశారు. రూమ్ ఫ్రెషనర్ మరక పోలేదట, పోదు కూడా. బాగా దగ్గరగా పెట్టి చూస్తే ఇంకా కొంచెం వాసన ఉందట. కానీ గాలిపటం ఇప్పుడు పెట్టెలో లేదు, పాప చదువుకునే బల్ల పైన, ఎండ పడని గోడకు ఉంది. ఈ భోగికి మంటలో పడేది ఆ పాత అట్టపెట్టె ఒక్కటే.

మీకూ మీ పిల్లలకూ సంక్రాంతి శుభాకాంక్షలు.